న్యూరోఫీడ్‌బ్యాక్‌ను రోజువారీ మానసిక వైద్యంలోకి తెచ్చుకోవడం: బరంపురం, పర్లాకిమిడి వైపు నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో మానసిక ఆరోగ్య రంగంలో పనిచేస్తున్న తెలుగువాళ్లం కొద్దిమందిమే. నేను బరంపురంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తూ కొన్నేళ్లుగా న్యూరోఫీడ్‌బ్యాక్ వాడుతున్నాను. ఇచ్ఛాపురం నుంచి జయపురం దాకా ఎవరు ఫోను చేసినా దాదాపు అవే సందేహాలు. కొన్ని తోటి వృత్తివాళ్లవి, కొన్ని ఇంటివాళ్లవి. అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు ఉంచాను. ఎవరికి కావలసినది వాళ్లు నేరుగా చదువుకోవచ్చు.

## నిర్ణయించుకునే ముందు

న్యూరోఫీడ్‌బ్యాక్ అంటే అసలు ఏం చేస్తారు?

మగ్గం మీద కూర్చున్న పట్టు నేతగాడు చప్పుడులో తేడాను బట్టే ఎక్కడో పోగు తెగిందని పోల్చుకుంటాడు. మెదడు పనిచేసే చప్పుడు మాత్రం మనకు వినిపించదు. నెత్తి మీద పెట్టిన ఎలక్ట్రోడ్లు మెదడులో పుట్టే అతి సూక్ష్మమైన విద్యుత్తును పట్టుకుంటాయి. అది వోల్టులో పది లక్షల వంతుల్లో లెక్కించేంత చిన్నది. కంప్యూటర్ దాన్ని వేగాన్ని బట్టి విడదీస్తుంది. సెకనుకు 4 నుంచి 8 సార్లు ఊగేది తీటా, 8 నుంచి 12 అయితే ఆల్ఫా, అంతకు మించి 30 దాకా బీటా. మనం కోరిన తరంగం పెరిగినప్పుడు తెర మీద బొమ్మ కదులుతుంది లేదా పాట బిగ్గరగా వినిపిస్తుంది. తగ్గితే ఆగిపోతుంది. అలా వెంటవెంటనే కబురు అందుతుంటే మెదడు తనను తాను సర్దుకోవడం నేర్చుకుంటుందన్నది దీని వెనుక ఉన్న ఆలోచన.

ఇది ఈమధ్య వచ్చినదా?

కాదు. మనిషి మెదడు తరంగాలను హాన్స్ బెర్గర్ అనే జర్మన్ మనోవైద్యుడు 1924లో మొదటిసారి నమోదు చేసి, 1929లో ప్రకటించాడు. 1950ల చివర షికాగోలో జో కమియా, తాము ఆల్ఫా స్థితిలో ఉన్నదీ లేనిదీ గుర్తుపట్టడం మనుషులకు నేర్పవచ్చని చూపాడు. 1960ల్లో బ్యారీ స్టెర్మన్ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో 12 నుంచి 15 హెర్ట్జ్ (అంటే సెకనుకు అన్నిసార్లు ఊగే) తరంగాన్ని పెంచే సాధన బయటపడింది. తరువాత దాన్ని మూర్ఛ ఉన్నవాళ్ల మీదా ప్రయత్నించారు. 1970ల్లో జోయెల్ లూబార్ దీన్ని అతిచురుకుదనం ఉన్న పిల్లలకు వాడాడు. కాబట్టి విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ఎవరైనా ‘సరికొత్త ఆవిష్కరణ’ అని చెబితే, ఆ మాట దగ్గరే ఆగి ఆలోచించండి.

నిజంగా పనిచేస్తుందా? సూటిగా చెప్పండి.

అన్నిటికంటే ఎక్కువ పరిశోధన ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతిచురుకుదనం) మీద జరిగింది. 2021లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 7 నుంచి 10 ఏళ్ల పిల్లలు 144 మందిని తీసుకున్నారు. కొందరికి అసలైన న్యూరోఫీడ్‌బ్యాక్ ఇచ్చారు. మిగిలినవాళ్లకు ముందే నమోదు చేసి ఉంచిన తరంగాలతో ఉత్తుత్తి సెషన్లు నడిపారు. ఎవరికి ఏది అందుతోందో పిల్లలకూ తెలియదు, తల్లిదండ్రులకూ తెలియదు. చివరికి రెండు గుంపులూ బాగా మెరుగుపడ్డాయి. రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా మాత్రం కనిపించలేదు. 2024 చివర జామా సైకియాట్రీ పత్రిక 38 అధ్యయనాలను, 2,472 మంది వివరాలను కలిపి చూసిన సమీక్షను ప్రచురించింది. అంచనా వేసేవాళ్లకు ఎవరు ఏ చికిత్సలో ఉన్నారో తెలియని చోట, ఏడీహెచ్‌డీ లక్షణాల్లో పట్టించుకోదగిన మేలు అందులోనూ తేలలేదు. నిద్రలేమి మీద ఆస్ట్రియాలో 2017లో చేసిన పోలికలోనూ ఉత్తుత్తి సెషన్ల కంటే ఎక్కువ ఫలితం లేదు. ఆందోళనకు, మానసిక గాయాలకు ఆశ కలిగించే చిన్న అధ్యయనాలు కొన్ని ఉన్నాయి. గట్టి తీర్పుకు అవి చాలవు.

ఇదంతా యంత్రం కొనకముందే మీకు తెలిసి ఉండాలి. మీ దగ్గరికి వచ్చే కుటుంబానికి డబ్బు కట్టకముందే తెలిసి ఉండాలి.

అలాంటప్పుడు మీరెందుకు వాడుతున్నారు?

ఈ ప్రశ్న నన్ను నేనే చాలా రాత్రులు అడుగుకున్నాను. ఉత్తుత్తి సెషన్లు అందుకున్న పిల్లలు కూడా మెరుగుపడ్డారన్న మాట దగ్గర నాకు సమాధానం దొరికింది. వాళ్లకు ఏం అందింది? వారానికి రెండు మూడు పూటలు ఒక పెద్ద మనిషి తిట్టకుండా, తొందరపెట్టకుండా పక్కన కూర్చున్నాడు. కదలకుండా ఉన్న ప్రతి నిమిషానికీ మెచ్చుకోలు దొరికింది. అమ్మ పని మానుకుని తోడుగా వచ్చింది. సమయం, చోటు, క్రమం ఉన్నాయి. మన పిల్లల్లో ఎంతమందికి ఇవి దొరుకుతున్నాయి?

మన ప్రాంతంలో ‘కౌన్సెలింగ్‌కు రండి’ అంటే రాని తండ్రి ‘మెదడు పరీక్ష, సాధన’ అంటే వస్తాడు. ఆ రాకను నేను వాడుకుంటాను, మోసం చేయకుండా. ఈ యంత్రం సొంత బలం రుజువు కాలేదని మొదటి రోజే చెబుతాను. దానితోపాటు తల్లిదండ్రుల శిక్షణ, నిద్ర వేళల సర్దుబాటు, బడి మాస్టారితో మాట్లాడటం తప్పనిసరిగా ఉంటాయని కూడా చెబుతాను. వీటికి ఒప్పుకోనివాళ్లకు ఎలక్ట్రోడ్ పెట్టను. ఈ నియమం వల్ల పోగొట్టుకున్న ఆదాయం గురించి నాకు చింత లేదు.

ఎవరికి వద్దు?

ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవాళ్లకు, లేని మాటలు వినిపిస్తున్నాయనేవాళ్లకు, నిద్రే లేకుండా ఉత్సాహం పొంగిపోతున్నవాళ్లకు ముందు మనోవైద్యుడు కావాలి. మూర్ఛ ఉన్నవాళ్లను నరాల వైద్యుడు చూడకుండా కూర్చోబెట్టవద్దు. బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాలలో మనోవైద్య విభాగం ఉంది. సరిహద్దు దాటితే విశాఖలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ఈ రెండు చోట్లకూ ఉత్తరం రాసి పంపే అలవాటు లేని కేంద్రం న్యూరోఫీడ్‌బ్యాక్ జోలికి పోకపోవడమే మంచిది.

సైకాలజీలో ఎంఏ చేశాను. నేను మొదలుపెట్టవచ్చా?

ఒంటరిగా వద్దు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే 1992 చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో నమోదు ఉండాలి. ఎంఏ ఒక్కటే దానికి సరిపోదు. నమోదున్న సైకాలజిస్టు లేదా మనోవైద్యుడి పర్యవేక్షణలో సెషన్లు నడిపే సహాయకులుగా పనిచేయవచ్చు. యంత్రం అమ్మిన సంస్థ ఇచ్చే రెండు రోజుల శిక్షణ మీట నొక్కడం నేర్పుతుంది. ఎదుట కూర్చున్నావిడ కళ్లలో నీళ్లు తిరిగితే ఏం చేయాలో నేర్పదు.

## యంత్రం, గది

ఏ యంత్రం కొనాలి?

పేరు చెప్పను, ఏం చూడాలో చెబుతాను. తరంగాన్ని ఉన్నదున్నట్టుగా తెర మీద చూపించాలి. రంగురంగుల మార్కులు మాత్రమే చూపించే యంత్రం వద్దు, లోపల ఏం జరుగుతోందో మీకు అంతు చిక్కదు. ఎలక్ట్రోడ్ చర్మానికి సరిగా అంటుకుందో లేదో కొలిచే వీలుండాలి. అంటుకున్న చోట విద్యుత్తుకు ఉండే నిరోధం 5 కిలో ఓములకు లోపు ఉండేటట్టు చూసుకోవాలి. మొదటికి ఒకటి రెండు ఛానళ్లది, అంటే ఒకేసారి తల మీద ఒకటి రెండు చోట్ల కొలిచేది చాలు. 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. కాబట్టి ఇది వైద్య పరికరంగా నమోదైందా, లేక ఆరోగ్య వినోద వస్తువుగా అమ్ముతున్నారా అని రాతపూర్వకంగా అడగండి.

కొనేముందు ఒక చిన్న పరీక్ష చేయించండి. తల వెనుక భాగంలో ఎలక్ట్రోడ్ పెట్టించుకుని కళ్లు మూసుకోండి. చాలామందిలో కొద్ది సెకన్లలోనే ఆల్ఫా ఉబ్బి, కళ్లు తెరవగానే అణగిపోతుంది. బెర్గర్ కాలం నుంచీ తెలిసిన విషయమే ఇది. ఇద్దరు ముగ్గురి మీద ప్రయత్నించినా అది కనిపించని యంత్రాన్ని అక్కడే వదిలి రండి.

తలంతా మ్యాపు తీస్తే జబ్బు పేరు చెప్పేయవచ్చని అమ్మేవాళ్లు అంటున్నారు. నమ్మవచ్చా?

నమ్మవద్దు. 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఏడీహెచ్‌డీని అంచనా వేయడానికి తీటా, బీటాల నిష్పత్తిని కొలిచే ఒక పరికరానికి అనుమతి ఇచ్చింది. అదికూడా వైద్యుడి పరిశీలనకు తోడుగా మాత్రమే. ఎర్రటి మచ్చలున్న మెదడు బొమ్మ చూపించి ‘మీ వాడికి ఇక్కడ లోపం ఉంది’ అనడం ఆ తల్లి గుండెలో మేకు కొట్టడమే. నిద్ర చాలకపోయినా, అప్పుడే టీ తాగి వచ్చినా, మందు వేసుకున్నా ఆ బొమ్మ మారుతుంది.

మా ఊళ్లో కరెంటు వస్తూ పోతూ ఉంటుంది. ఇబ్బందా?

ఇబ్బందే, కానీ దాటవచ్చు. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ వేగంతో ఊగుతుంది. ఆ గుంజాటన తరంగాల్లో కలుస్తుంది. ఇన్వర్టర్ మీద మరీ ఎక్కువ. ల్యాప్‌టాప్‌ను చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. ఫోను పక్క గదిలో పెట్టండి. ట్యూబులైటు గరగరమంటుంటే ఆర్పేయండి. వేసవి ఉక్కలో నెత్తి చెమర్చితే తెర మీద తరంగం గీత మెల్లగా పైకీ కిందికీ కొట్టుకుపోతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో నేను పొద్దున్న ఏడు గంటలకే మొదలుపెట్టి పదకొండుకు ముగిస్తాను.

బోర్డు మీద ఏమని రాయించాలి?

మీ పేరు, చదువు, నమోదు సంఖ్య. ‘న్యూరోఫీడ్‌బ్యాక్ సాధన ఉంది’ అంటే చాలు. మెదడు జబ్బులు, మూర్ఛ నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధించింది.

## మొదటి రోజు, ఇంటివాళ్లతో మాట

తలలోకి కరెంటు పంపిస్తారా? మా అత్తగారు షాక్ వైద్యం అని భయపడుతున్నారు.

పంపరు. డాక్టరు స్టెతస్కోపుతో గుండె చప్పుడు వింటాడు కానీ గుండెలోకి ఏమీ పంపడు కదా, ఇదీ అంతే. పెద్దవాళ్ల భయాన్ని తీసిపారేయకండి. ఒకప్పుడు మత్తు ఇవ్వకుండా షాక్ ఇచ్చిన రోజులు వాళ్లకు గుర్తున్నాయి. మత్తు లేకుండా అలా ఇవ్వడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. నేను అత్తగారినే ముందు కుర్చీలో కూర్చోబెట్టి, ‘అమ్మా, కళ్లు ఆర్పండి’ అంటాను. ఆర్పిన ప్రతిసారీ గీత ఎగరడం ఆవిడ చూస్తారు. యంత్రం చూస్తోందే తప్ప ఏమీ చేయడం లేదని ఆ నిమిషంలో అర్థమవుతుంది.

తలకు నూనె రాసుకుని రావచ్చా?

వద్దు. కొబ్బరి నూనె ఉంటే ఎలక్ట్రోడ్‌ను అంటించే పేస్టు జారుతుంది, ఎలక్ట్రోడ్ నిలవదు. కుంకుడుకాయతోనో షాంపూతోనో ముందురోజు తలంటుకుని రమ్మనండి. జడ ఆ పూటకు వదులుగా ఉంటే నడినెత్తి పాయ తీయడం తేలిక. ముక్కు మొదలు నుంచి తల వెనుక గుబ్బ దాకా, ఒక చెవి ముందు నుంచి మరో చెవి ముందు దాకా టేపుతో కొలిస్తే రెండు కొలతల సగాలూ కలిసే చోటే నడినెత్తి. కొలవకుండా కంటి అంచనాతో పెట్టకండి. సెషన్ అయ్యాక గోరువెచ్చని నీళ్లలో ముంచిన బట్టతో పేస్టు తుడిచి పంపండి. పేస్టు అంటిన జుట్టుతో బస్సెక్కిన అమ్మాయి మళ్లీ రాదు.

సమ్మతి పత్రం తెలుగులో ఉండాలా, ఒడియాలోనా?

రెండింటిలోనూ ఉండాలి, అయినా చాలదు. మన ఇళ్లలో మాట తెలుగు, చదువు ఒడియా. నలభై ఏళ్ల తల్లి తెలుగులో బాధ చెప్పుకుంటుంది కానీ తెలుగు అక్షరం చదవలేదు. ఒడియా పత్రం చదవగలుగుతుంది కానీ ‘నరాల బలహీనత’, ‘బుర్ర వేడెక్కిపోతోంది’ అన్న తన మాటలు అందులో ఉండవు. నేను ఒడియా పత్రం చేతికిచ్చి, తెలుగులో చదివి వినిపించి, ‘ఇప్పుడు మీకు అర్థమైంది మీ మాటల్లో చెప్పమ్మా’ అంటాను. ఆవిడ చెప్పిన వాక్యాలను కింద రాసుకుంటాను. ‘ఇది పనిచేయకపోవచ్చు కూడా’ అన్న ముక్క ఆవిడ నోటి నుంచి వచ్చేదాకా సంతకం తీసుకోను. పిల్లవాడిని కూడా అడగండి. ఎనిమిదేళ్లవాడికీ ఇష్టాయిష్టాలుంటాయి.

ఇది మొదలుపెడితే మందులు ఆపేయవచ్చా?

ఆపకూడదు. మూర్ఛ మందు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. మందు తగ్గించాలా వద్దా అన్నది రాసిన డాక్టరే చెప్పాలి. ఖర్చు భారమై మానేస్తున్నారని తెలిస్తే, ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిరామయ పథకం కింద ఉచితంగా మందులు ఇస్తారని చెప్పి పంపండి.

ఖర్చు సంగతి ఎలా చెప్పాలి?

మొత్తం లెక్క మొదటి రోజే కాగితం మీద వేసి చూపండి. మామూలుగా 30 నుంచి 40 సెషన్లు, వారానికి రెండు మూడు. మీ రుసుము ఒక్కటే లెక్క కాదు. పర్లాకిమిడి నుంచి వచ్చే తల్లికి బస్సు చార్జీ, పోయిన రోజు కూలి, చంటివాడిని చూసుకున్న పక్కింటావిడకు మొహమాటం, అన్నీ ఖర్చే. ఆ మొత్తం చూశాక ‘వద్దు సార్’ అంటే సంతోషంగా ఒప్పుకోండి. డబ్బంతా ముందే కట్టించుకునే పద్ధతి పెట్టకండి. మధ్యలో మానేసే స్వేచ్ఛ వాళ్లకు ఉండాలి.

## సాధన నడుస్తున్నప్పుడు

ఒక పూట ఎలా గడుస్తుంది?

నా దగ్గర గంట. మొదటి పది నిమిషాలు మాట: రాత్రి ఎప్పుడు పడుకున్నావు, ఏం తిన్నావు, బడిలో ఏం జరిగింది. తరువాత నెత్తి మీద ఒకటి, చెవులకు రెండు ఎలక్ట్రోడ్లు. మూడు నుంచి ఐదు నిమిషాల చిన్న ముక్కలుగా, మొత్తం అరగంటకు మించకుండా సాధన. మూడింట రెండు వంతుల సమయం గెలుపు దొరికేటట్టు, తరంగం దాటవలసిన మెట్టు అమర్చుతాను. మరీ కష్టమైతే పిల్లవాడు విసుగెత్తిపోతాడు, మరీ తేలికైతే నేర్చుకునేదేమీ ఉండదు. చివరి పది నిమిషాలు అమ్మతో. నా మటుకు ఆ చివరి పది నిమిషాలు వదులుకోలేనివి.

తెర మీద బీటా బాగా పెరిగింది. మెరుగుపడుతున్నట్టేనా?

ముందు దవడ చూడండి. నేను మొదలుపెట్టిన కొత్తలో పదకొండేళ్ల కుర్రవాడొకడు మూడు సెషన్ల పాటు అద్భుతమైన అంకెలు తెచ్చాడు. వాళ్ల నాన్నకు సంబరంగా చెప్పాను కూడా. నాలుగో రోజు పక్క నుంచి చూస్తే చెవి కింద కండ బిగుసుకుని కనిపించింది. బొమ్మ కదలాలని వాడు పళ్లు బిగబట్టి కూర్చుంటున్నాడు. పెరిగినది కండ విద్యుత్తు, మెదడుది కాదు. తండ్రిని పిలిచి, నేను పొరబడ్డానని చెప్పాను. వాడి చెమట పట్టిన ఆ చిన్న ముఖం ఇప్పటికీ కళ్ల ముందుంది. ఎంత కష్టపడ్డాడో! అప్పటి నుంచి ప్రతి ముక్క మధ్యా ‘నోరు కాస్త వదులు నాన్నా’ అంటాను. పెద్దవాళ్లలో పాన్ వేసుకుని వచ్చేవాళ్లుంటారు. నమలడం ఆగకుండా గీత చదవకండి.

మధ్యాహ్నం వచ్చేవాళ్లలో తీటా ఎక్కువ. జబ్బు లక్షణమా?

చాలాసార్లు అది పఖాళ, అంటే చద్దన్నం, తిన్న మగత. వేసవిలో చద్దన్నం, వేపుడు, ఉల్లిపాయ తిని వచ్చినవాళ్లకు కళ్లు మూతలు పడతాయి, తరంగం నెమ్మదిస్తుంది. వేళ మార్చి చూడండి.

మా చెల్లికి పూనకం వస్తుంది. దీనితో తగ్గుతుందా?

పూనకానికి యంత్రం తగిలించకండి. అది మూర్ఛ అయ్యే అవకాశం ఉందేమో నరాల వైద్యుడు చూడాలి. కాదని తేలితే, ఎప్పుడు వస్తోంది, ఎవరి ఎదుట వస్తోంది, రాకముందు ఇంట్లో ఏం జరిగింది అని ఓపికగా వినాలి. బరంపురం ఠాకురాణి యాత్రలో (అమ్మవారి జాతరలో) భక్తితో ఊగేవాళ్లు వేరు, కొత్త కోడలికి ఇంట్లో నోరు విప్పే వీల్లేక వచ్చేది వేరు. మొదటిదానికి వైద్యమే అక్కరలేదు. రెండో మనిషికి కావలసింది ఆవిడ మాటను నమ్మే ఒకరు.

సెషన్ తరువాత తలనొప్పి, చిరాకు వస్తున్నాయి.

కొందరికి వస్తాయి. అలసట, నిద్రలో తేడా కూడా ఉండవచ్చు. సాధారణంగా తేలికగా ఉండి తగ్గిపోతాయి. వ్యవధి తగ్గించండి. రెండోసారీ వస్తే ఆపి, కారణం వెతకండి.

## ఆపవలసినప్పుడు

ఎన్ని సెషన్ల తరువాత లాభం లేదని ఒప్పుకోవాలి?

నేను పది పెట్టుకున్నాను. ఇది నా అనుభవం నుంచి వచ్చిన గీత, శాస్త్రం గీసినది కాదు. మొదలుపెట్టే రోజే కుటుంబంతో కలిసి మూడు విషయాలు ఎంచుకుంటాం. హోంవర్కుకు ఎన్ని నిమిషాలు కూర్చుంటున్నాడు, వారంలో ఎన్ని రాత్రులు పదిలోపు నిద్రపోయాడు, బడి నుంచి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఇలాంటివి. అమ్మ క్యాలెండర్ మీద గీతలు పెడుతుంది. పదో సెషన్ నాడు ఆ క్యాలెండర్ బల్ల మీద పరుస్తాం. తెర మీద అంకెలు ఎంత అందంగా ఉన్నా, క్యాలెండర్ కదలకపోతే ఎలక్ట్రోడ్లు పక్కన పెట్టేస్తాను. కుదిరితే క్యాలెండర్ నకలు బడి మాస్టారికి కూడా ఇవ్వండి. యంత్రం సంగతి తెలియనివాళ్లు ఏం చూస్తున్నారన్నదే అసలు కొలత.

వాళ్ల నాన్న సూరత్ మిల్లులో పని. కుటుంబమంతా అక్కడికి వెళ్లిపోతున్నారు. సగంలో ఉన్నాం, ఏం చేయాలి?

గంజాం జిల్లాలో ఇది ఏటా జరిగేదే. సగంలో ఆగితే మెదడుకు చెడు జరుగుతుందన్న భయం పెట్టకండి, దానికి ఆధారం లేదు. అక్కడ మళ్లీ యంత్రం వెతుక్కోమని కూడా చెప్పకండి. వెళ్లేలోపు ఒక్క సెషన్ యంత్రం లేకుండా పెట్టుకోండి. నిమిషానికి ఆరు చొప్పున నెమ్మదిగా ఊపిరి తీయడం పిల్లవాడికీ తల్లికీ కలిపి నేర్పండి. మందుల చీటీ, వైద్యుల ఉత్తరం, క్యాలెండర్ కాగితం ఒక కవరులో పెట్టి ఇవ్వండి. కవరు మీద 14416 అని పెద్ద అక్షరాలతో రాయండి. ఫోనులో మానసిక సహాయం అందించడానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు అది. రాత్రీ పగలూ ఉచితం. సూరత్ నుంచి చేసినా, తెలుగులో మాట్లాడేవాళ్లు కావాలని అడగమనండి.